మా వాడకొక కాపీరైటు వకీలు

సభల్లో నన్ను పరిచయం చేసేవాళ్ళు 'జానపద కుటుంబం నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు' అని మొదలుపెడతారు. చప్పట్లు కూడా కొడతారు. నాకు ఒళ్ళు మండుతుంది. అయ్యా, మాది జానపద కుటుంబం కాదు, మాదిగ కుటుంబం. మా నాయిన డప్పు కొట్టిండు, చెప్పులు కుట్టిండు, పటేలు దగ్గర జీతమున్నడు. మా అమ్మ కూలికి పోయింది, పాటలు కట్టింది. పాట కట్టినోళ్ళను ఈ దేశంలో కవి అంటారు, వాగ్గేయకారుడు అంటారు, శాలువలు కప్పుతారు. మా అమ్మ కడితే మాత్రం అది 'జానపదం'. అంటే ఎవరు కట్టిండ్రో తెలవదన్నట్టు. తెలవకపోవడమేంది? అడిగితే తెలుస్తది. అడగలేదు, అంతే.

నేను తెలుగు పంతుల్ని. ఏ పద్యం చెప్పినా ముందు కవి పరిచయం చెప్పాలె. పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, బిరుదులు. పిల్లలతో బట్టీ కొట్టించాలె. జానపద గేయం వచ్చిందంటే ఆ పని తప్పుతది. పుట్టిన ఊరు లేదు, తల్లి లేదు, తండ్రి లేడు. గాలికి పుట్టిన పాట.

ఇది పాట గురించి రాస్తున్న వ్యాసం కాదు. వకీలు గురించి. మా వాడల నుంచి క్రిమినల్ వకీళ్ళొచ్చిండ్రు, భూమి కేసుల వకీళ్ళొచ్చిండ్రు, సర్వీసు కేసుల వకీళ్ళొచ్చిండ్రు. కాపీరైటు వకీలు రాలేదు. రాకుండా అడ్డం పడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ తప్పు ఒప్పుకోవడానికే ఈ కాగితాలు.

మా అక్క చచ్చిపోయిన ఏడు, 1998లో, నేను అయిదో తరగతి. అక్కకు పదహారేండ్లు. పటేలు పత్తిచేన్ల ఏరబోయింది, పాము కరిచింది. పటేలు ట్రాక్టరు ఇంటి ముందరే ఉంది. డ్రైవరు అన్నం తింటున్నడన్నరు. ఎడ్లబండి కట్టుకొని మండలం దవాఖానకు పోయేసరికి అయిపోయింది. సాయంత్రం పటేలు కూలి లెక్కగట్టి పంపిండు. సగం రోజుది.

ఏడాది పాటు అమ్మ నోట పాట రాలేదు. మరుసటేడు నాట్లల్ల, నడుము వంచి నారు గుచ్చుతున్నది గుచ్చుతున్నట్టే పాట ఎత్తుకుంది. ట్రాక్టరు ఉంది ఆ పాటలో. సగం రోజు కూలి ఉంది. కుదువబెట్టిన పట్టగొలుసులున్నయి. ప్రతి చరణం చివర అక్క పేరు పెట్టి పిలుపు ఉంది. పక్క మడిలో ఆడోళ్ళు నడుములెత్తి నిలబడి ఏడ్చేది. ఆ తర్వాత ప్రతి యేడు అక్క పోయిన దినానికి అమ్మ ఒక కొత్త చరణం కలిపింది. ఈ యేడు నువ్వుంటే పెండ్లికూతురువయ్యేదానివని. ఈ యేడు నీ బిడ్డకు పాలపండ్లు ఊడేవని. ఇప్పటికి ఇరవై అయిదు చరణాలు దాటినయి. మా అక్క ఆ పాటలో పెరుగుతనే ఉంది.

అక్క పేరు ఇక్కడ రాయను. ఇప్పటికే చాలామంది వాడుకున్నరు.

2006లో మా ఊరికి ఒక పెద్దమనిషి వచ్చిండు. జానపద పరిశోధన చేస్తడు, అభ్యుదయ భావాలున్నోడు, సభల్లో కులం పోవాలని మాట్లాడుతడు. నేనప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. 'మా అమ్మ బాగ పాడుతది సార్' అని నేనే చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకపోయిన. ఎంత గర్వపడ్డనో ఇప్పుడు తలుచుకుంటే తల కొట్టేసినట్టయితది. రెండు రాత్రులు టేపురికార్డరు పెట్టి మా వాడ ఆడోళ్ళందరితో పాడించిండు. మా గుడిసెల కూసొని చాయ తాగిండు. అది పెద్ద విషయమని మా నాయిన నెల రోజులు చెప్పుకున్నడు. పోయేటప్పుడు అమ్మకు ఒక చీర పెట్టిండు.

రెండేండ్లకు పుస్తకం వచ్చింది. అట్ట మీద ఆయన పేరు. లోపల అమ్మ పాట, అప్పటిదాకా కట్టిన ఏడు చరణాలతో సహా. పాట కింద 'పాడినది: ఒక మాదిగ స్త్రీ' అని ఉంది. అక్క పేరు దగ్గర ఒక చిన్న గుర్తు పెట్టి, పేజీ అడుగున, ఇది జానపద గేయాలలో తరచుగా కనిపించే నాయిక పేరు అని వివరణ రాసిండు. మా అక్క నాయిక! పత్తి ఏరబోయి చచ్చిన పిల్ల నాయిక! పుస్తకం రెండో పేజీలో సర్వహక్కులూ సేకర్తవే అని ఉంది. కులం పోవాలన్న మనిషి పాట కింద కులం మిగిల్చి పేరు తీసేసిండు.

అప్పుడు నాకు కోపం రాలేదు. అమ్మ పాట అచ్చయిందని సంబరపడ్డ. చదువుకున్నోని సంబరం అట్ల ఉంటది.

2012 డీఎస్సీలో నాకు నౌకరొచ్చింది. జిల్లా పరిషత్ హైస్కూల్లో నా దగ్గర చదివిన పిల్ల ఒకామె, మా కులపు పిల్లనే, ఇంటరయినంక లా చదువుతనన్నది. క్లాట్ పరీక్ష ఇంగ్లీషులోనే ఉంటది. తెలుగు మీడియం బడి నుంచి పోయిన పిల్ల దాన్ని దాటలేకపోయింది. లాసెట్ రాసి అయిదేండ్ల కోర్సులో చేరింది. 2021లో, ఆఖరు సంవత్సరంలో ఉన్నప్పుడు ఒకనాడు ఫోన్ చేసి, 'సార్, నేను కాపీరైటు లైన్లకు పోతనుకుంటున్న. బొమ్మలు, పాటలు, కళల కేసులు. మీరేమంటరు?' అనడిగింది.

నేనేమన్ననో అక్షరం మరిచిపోలేదు. 'గది సినిమావాళ్ళ గొడవ బిడ్డా. ఢిల్లీలో పెద్ద పెద్ద ఆఫీసులున్నోళ్ళ గొడవ. మనకు కారంచేడు జరిగింది, చుండూరు జరిగింది. 1989 చట్టం కింద కేసులు వాదించేటోళ్ళు లేక మనోళ్ళు కోర్టు వరండాల్ల కూసుంటున్నరు. బొజ్జా తారకం లాంటి వకీలువు కావాలె నువ్వు. సోకు కేసులు మనకొద్దు' అన్న. పిల్ల సరే సార్ అన్నది. ఆ 'సరే'లో ఏముందో నేను వినలేదు. నేను తారకం పేరు తీసుకున్నప్పుడు ఆయన కవి కూడా అన్న సంగతి నాకు గుర్తు రాలేదు. కవీ వకీలూ ఒకే మనిషిలో ఉంటే ఆ మనిషికి పాట మీద హక్కు సోకుగా కనిపిస్తదా?

మరుసటేడు ఎండకాలం, మా ఊర్ల ఒక పెద్దింటి పెండ్లి. రాత్రి బరాతు. డీజే బండి మా వాడ మూల మలుపు తిరిగింది. అమ్మ గడపల కూసొని ఉంది. ఉన్నట్టుండి లేచింది. 'దాని పేరు పెట్టి పిలుస్తున్నరు, ఎవర్ర వాళ్ళు?' అన్నది. నేను విన్న. అక్క పేరే. మైకులో పది మాట్లు, ఇరవై మాట్లు, దరువుకొక్కసారి. మొదటి రెండు చరణాల మాటలు అవే. బాణీ అదే, నడక నాలుగింతలు చేసిండ్రు. ట్రాక్టరు మాట దగ్గర ఈలలు. తర్వాత ఫోన్లో వీడియో చూసిన. ఒక పిల్ల పత్తిచేనులో నడుము తిప్పుతున్నది. లక్షల మంది చూసిండ్రట. కింద 'తెలంగాణ జానపదం' అని రాసి, రచన దగ్గర ఇంకెవరి పేరో ఉంది.

బరాతు ముందర ఎగురుతున్నోళ్ళలో మా వాడ పిల్లగాండ్లు కూడా ఉన్నరు. నా దగ్గర చదివినోళ్ళు. వాళ్ళకేం తెలుసు! అమ్మ కొంగు నోట్ల కుక్కుకొని లోపలికి పోయింది. ఆ యేడు అక్క దినానికి చరణం కట్టలేదు.

నాకు ఫోన్ చేసి సిగ్గు చంపుకొని మాట్లాడడానికి వారం పట్టింది. ఆ పిల్ల అప్పటికి హైకోర్టులో ఒక సీనియరు దగ్గర భూమి కేసుల కాగితాలు మోస్తున్నది. 'నేను చెప్పింది తప్పు బిడ్డా' అన్న. 'ముందు పుస్తకం, వీడియో, రెండూ పంపండి సార్' అన్నది. ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిస్తే బాగుండు.

ఆమె నాకు చట్టం చెప్పుకుంట వచ్చింది. పంతులుకు పాఠం. మన కాపీరైటు చట్టం 1957లో చేసింది, 1958 జనవరి 21 నుంచి అమలయింది. అందులో సంగీత రచన అంటే ఏందో తెలుసా? రాసినది, అచ్చయినది, గుర్తుల రూపంలో కాగితం మీదకెక్కినది. 1994లో సవరణ చేసి, 1995 మే 10 నుంచి అమలు చేసిందాకా ఇదే లెక్క. అంటే ముప్పై ఏడేండ్లు ఈ దేశపు చట్టం ప్రకారం కాగితం మీద లేని సంగీతం సంగీతం కాదు. ఎవరికి అక్షరం ముట్టనియ్యలేదో, వాళ్ళ బాణీకి అక్షరం సాక్ష్యం అడిగిండ్రు. చెవుల్లో సీసం పోసే రోజులు పోయినయంటరు. సీసం పోయింది, సెక్షను వచ్చింది.

పాడేవాళ్ళ సంగతి ఇంకా అన్యాలం. 1977లో సినిమా పాటల హక్కుల కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి కృష్ణయ్యర్ ఈ చట్టంలో గాయకునికి చోటే లేదని ఎత్తి చూపిండు. పదిహేడేండ్లకు గాని పార్లమెంటు కదల్లేదు. 1994 సవరణతోనే ప్రదర్శకుల హక్కు వచ్చింది. ఆ నిర్వచనంలో నటుడు, గాయకుడు, నర్తకితోపాటు గారడీవాడు, పాములవాడు కూడా ఉన్నరు. చదివి సంతోషపడ్డ. పాములోళ్ళు చట్టంల ఉన్నరు, మా డప్పు కూడా ఏదో మూల ఉంటదనుకున్న. 2012లో దానికో తోక తగిలించిండ్రు. సినిమాలో ఊరికే అట్ల వచ్చిపోయేవాళ్ళు, పరిశ్రమ వాడుక ప్రకారం పేరు వెయ్యనివాళ్ళు ప్రదర్శకులు కారు. వాళ్ళ పనిని చెడగొడితే అడిగే హక్కొక్కటే వాళ్ళకు మిగిలింది. సినిమాల శవం ముందర డప్పు కొట్టేదెవరు? వాళ్ళ పేరు వేసే వాడుక ఎన్నడన్న ఉండెనా? వాడుకనే చట్టం చేసిండ్రు.

పరిశ్రమ వాడుక అంటే నాకు మా ఊరి వాడుక యాదికొస్తది. పీనుగ మొయ్యడం వాడుక. చచ్చిన గొడ్డునెత్తడం వాడుక.

మరి 'సృజన' అంటే ఏంది? 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ఉత్త చెమట చాలదు, కొంచెమన్న సృజన ఉండాలె. ఆ కేసు దేని మీదనో తెలుసా? కోర్టు తీర్పులను అచ్చేసే కంపెనీ, పేరాలు విడగొట్టి నంబర్లు వేసింది, ఏ న్యాయమూర్తి ఎవరితో ఏకీభవించిండో గుర్తించి పెట్టింది. ఆ పనికి సృజన ఉందన్నది కోర్టు, హక్కు ఇచ్చింది. ఇయ్యని, నాకు బాధ లేదు. పేరాకు నంబరెయ్యడం సృజన అయితే, చచ్చిన బిడ్డకు ఏటేటా వయసు పెంచడం ఏందయ్యా మరి? సంప్రదాయమా?

నా మంటంతా ఈ మాట మీదనే. మనోళ్ళు చేసిందేదైనా 'సంప్రదాయం' అన్న గోనెసంచిలకు పోతది. సంచి మూతి విప్పేటోడు వాళ్ళల్ల నుంచి వస్తడు, తీసుకుంటడు, 'మార్పులు చేర్పులు చేసిన' అని తన పేరు మీద కొత్త హక్కు రాయించుకుంటడు. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' వచ్చినప్పుడు పాట ఎవరిదని ఎంత లొల్లి అయిందో అందరికీ తెలుసు. టీవీల్లో వారం రోజులు నడిచింది. ఆ పాట మొదట ఏ ఆడమనిషి నోట పుట్టిందన్న ప్రశ్న మాత్రం ఎక్కడా నిలబడలేదు.

ఒకనాడు ఆ పిల్ల జిరాక్సు కాగితాల కట్ట తెచ్చింది. అన్నీ ఆస్ట్రేలియా కేసులు. 'అంత దూరమెందుకు పోయినవమ్మా' అంటే, 'అక్కడ మనలాంటోళ్ళున్నరు సార్' అన్నది.

ఉన్నరు. ఆస్ట్రేలియా 1966లో కొత్త డాలరు నోటు అచ్చేసింది. దాని మీద ఆదివాసీ బొమ్మ. చెట్టు బెరడు మీద గీసిన బొమ్మ అది. గీసినాయన డేవిడ్ మలాంగి, ఉత్తరాన ఆర్నెమ్ లాండ్ మనిషి. ఎవరూ ఆయన్ను అడగలేదు. ఎప్పుడో చనిపోయిన పాతకాలపు కళాకారుడిదనుకున్నరట. మనిషి బతికే ఉన్నడు! ఈ బొమ్మ ఈయనది అని గుర్తుపట్టి చెప్పింది ఆయన ఉన్న మిషన్ బడిల పంతులు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయిన. ఆ పంతులు గుర్తుపట్టి చెప్పిండు. ఈ పంతులు సేకర్తను ఇంటికి తోలుకొచ్చిండు. మలాంగికి వెయ్యి డాలర్లు, ఒక పతకం, చేపలు పట్టే సామాను ఇచ్చిండ్రు. మా అమ్మకు చీర.

తర్వాత కాలంలో కాలిన్ గోల్వన్ అనే వకీలు వచ్చిండు. మెల్‌బోర్న్ బారిస్టరు, తెల్లాయన. ఆదివాసీల బొమ్మలను టీషర్టుల మీద అచ్చేసి అమ్ముకుంటున్నోళ్ళ మీద జానీ బులున్ బులున్ అనే చిత్రకారుడు 1989లో కేసు వేస్తే ఆయన తరఫున నిలబడ్డడు. అప్పటిదాకా ఉన్న వాదం మనకు బాగ తెలిసిందే: ఇవి తరతరాల బొమ్మలు, తాతలు గీసినట్టే మనుమలు గీస్తున్నరు, ఇందులో సొంతమేముంది, హక్కేముంది? గోల్వన్ ఆ చిత్రకారుని చెయ్యిని చూపించిండు. నేర్చుకున్న విద్యను, పడ్డ శ్రమను, ఒకే కథను ఈ మనిషి గీసినప్పుడు ఈ మనిషి గీతే ఎట్లుంటదో దాన్ని. టీషర్టులోళ్ళు రాజీకొచ్చి డబ్బు కట్టిండ్రు. ఆ డబ్బు ఒక్కనికి కాదు, చాలామంది చిత్రకారులకు పోయింది.

1994లో తివాచీల కేసు. ఆదివాసీ సంస్కృతి గురించి లోకానికి చెప్పాలని అచ్చేసిన పుస్తకాల నుంచే బొమ్మలు తీసి, వియత్నాంలో తివాచీలు నేయించి ఆస్ట్రేలియాలో అమ్మిండ్రు. ఎనిమిది మంది చిత్రకారులవి, అందులో అయిదుగురు అప్పటికే చనిపోయినోళ్ళు. పవిత్రమైన బొమ్మలు. అందరూ చూడగూడనివి, కొన్ని. వాటి మీద జనం కాళ్ళు పెట్టి నడుస్తరు. కోర్టు లక్షా ఎనభై ఎనిమిది వేల డాలర్లకు పైగా ఇయ్యమన్నది. అందులో బొమ్మ ధరకే కాదు, మనసుకు, వాళ్ళ సంస్కృతికి అయిన గాయానికి కూడా లెక్క కట్టింది. కంపెనీ దివాళా తీసింది, కళాకారులకు ఆ సొమ్ము ముట్టలేదు. అయినా ఆ తీర్పు నాకు కావాలె. కాళ్ళ కింద వేసిండ్రని ఏడ్చినోళ్ళ ఏడుపుకు ఒక కోర్టు పేరు పెట్టింది. మా అమ్మ పాట మీద ఎగిరినప్పుడు మా అమ్మకయిందేందో చెప్పడానికి నాకు మాట దొరకలేదు. చట్టంల దొరికింది. మన చట్టంలోనూ ఉంది, 57వ సెక్షను. కర్త హక్కులు అమ్ముకున్నా సరే, ఆ రచన తనదని చెప్పుకునే హక్కు పోదు. దాన్ని కర్త పరువు పోయేటట్టు చెడగొడితే అడిగే హక్కు పోదు.

ఈ హక్కు మనకు పరాయిది కాదు. 1936లో లాహోర్ జాత్ పాత్ తోడక్ మండల్‌వాళ్ళు బాబాసాహెబ్ ప్రసంగంలో కొన్ని మాటలు మార్చమన్నరు. ఆయన ఒక్క గుర్తు కూడా మార్చనని సభనే వదులుకున్నడు, సొంత డబ్బుతో పుస్తకం అచ్చేసుకున్నడు. అదే 'కులనిర్మూలన'. బారిస్టరు ఆయన. రచన మీద రచయితకుండే అధికారం ఏందో ఆయనకు తెలుసు. ఆయన వారసులమని చెప్పుకునే మేము దాన్ని సోకు అన్నం.

ఢిల్లీలో ఆ 57వ సెక్షను మీద గెలిచిన పెద్ద కేసు అమర్‌నాథ్ సెహగల్‌ది. విజ్ఞాన్ భవన్ గోడకు ఆయన చేసిన కంచు శిల్పాన్ని 1979లో ఊడబెరికి గోదాములో పడేసిండ్రు. 1992లో కోర్టుకు పోయిండు, 2005లో గెలిచిండు. అయిదు లక్షలు ఇయ్యమన్నరు, శిల్పం తిరిగి ఇచ్చెయ్యమన్నరు. న్యాయమైన తీర్పు. ఆ శిల్పంలో ఉన్నదెవరో తెలుసా? పల్లెటూరి రైతులు, చేతిపనులోళ్ళు, ఆడోళ్ళు. కంచులో పోసిన మా మనుషులకు గౌరవముందని కోర్టు చెప్పడానికి పదమూడేండ్లు పట్టింది. నెత్తురు మాంసమున్న మా మనుషుల కోసం ఆ సెక్షను పట్టుకొని ఎవరు పోయిండ్రు?

ఎవరూ పోలేదు, ఎందుకంటే ఆ విద్య నేర్చుకునే దారి మా పిల్లల కాళ్ళకు అందేటట్టు లేదు. ఈ లైనులో పెద్ద ఆఫీసులన్నీ మహానగరాల్లో ఉంటయి. కాలేజీలో ఉండంగనే జీతం లేకుండా నెలల తరబడి వాళ్ళ దగ్గర పని నేర్చుకోవాలె. ఢిల్లీలో ఆ నెలల అద్దె ఎవరిస్తరు? మా పిల్ల ఒకసారి అట్లాంటి చోట అవకాశం సంపాదించింది, గది అద్దె చూసి మానుకుంది. నాకు చెప్పలేదు. చెప్పినా నేనప్పుడు మంచిగయిందనే అందును. అన్ని తెలిసి పోయినోళ్ళు మందుల కంపెనీల కేసులు, మార్కుల కేసులు చూసుకుంటరు. ఫీజు అక్కడుంది. పాట కట్టిన కూలిమనిషి దగ్గర ఫీజు ఏడుంది?

అందుకే గోల్వన్ గొప్పోడే అనుకుంట, కానీ నా కన్ను ఆ కట్టలోని ఇంకో పేరు మీద నిలబడ్డది. టెర్రీ జాంకీ. ఆదివాసీ ఆడమనిషి, వుథాతి, మెరియం జాతుల బిడ్డ. లా చదువు నచ్చక మధ్యలో విడిచిపెట్టింది. కళల మండలిలో పని చేస్తూ తనోళ్ళ బొమ్మలకు ఏం జరుగుతున్నదో చూసింది, మళ్ళ పోయి లా చదివింది. 1998లో 'అవర్ కల్చర్, అవర్ ఫ్యూచర్' అని ఆదివాసీల సాంస్కృతిక హక్కుల మీద నివేదిక రాసింది. 2000లో సొంతంగా వకీలు ఆఫీసు తెరిచింది. 2005లో నవల కూడా రాసింది. ఇంకొకరు మన తరఫున నిలబడడం వేరు, మనమే నల్లకోటు వేసుకొని నిలబడడం వేరు. ఈ మాట చెప్పడానికి నాకు జంకు లేదు.

మా ఉద్యమ మిత్రులు కొందరు నా మీద కోపం చేస్తున్నరు. పాట ప్రజలది, పాటకు యజమాని ఉండడం పెట్టుబడిదారీ ఆలోచన, నువ్వు అమ్మ పాటను ఆస్తి చేస్తున్నవు అంటున్నరు. మిత్రులారా, మీరన్న ప్రజల్లో మా అమ్మ ఉందా లేదా? ఉంటే ఆమెను అడగండి. భూమి దున్నేవానిది అన్నరు, మేం జెండా పట్టుకున్నం. పాట కట్టినదానిది అంటే మీకెందుకు గొంతు పట్టుకుంటది? నాట్లల్ల ఎవరు పాడుకున్నా అమ్మ ఒద్దన్నదా? పక్క ఊరోళ్ళు నేర్చుకపోతే సంబరపడ్డది. సేకర్త తన పుస్తకం మీద సర్వహక్కులు రాసుకున్ననాడు, కంపెనీ పాట మీద రచన ఫలానా అని వేసుకున్ననాడు మీకు పెట్టుబడి కనిపించలేదు. మాదిగ ముసలిది నా పేరేదిరా అన్ననాడు కనిపించింది.

అయినా మీ మాటలో ఒక నిజముంది, అది నేను దాచను. పాట ఒక్కరిదే కాకపోవచ్చు. 1998లో బులున్ బులున్ ఇంకో కేసులో కోర్టు దీన్నే తవ్వింది. బొమ్మ గీసినాయనే హక్కుదారు, కానీ ఆయన తన తెగకు జవాబుదారు, వాళ్ళ నమ్మకం చెడగొట్టే పని చెయ్యగూడదు అన్నది. హక్కును ఒక్కని జేబులో పెట్టి తాళమెయ్యకుండానే హక్కని చెప్పొచ్చు. ఇదంతా ఆలోచించడానికి మాకొక వకీలు కావాలె. నినాదం సరిపోదు.

మేం నోటీసు పంపినం. కంపెనీ జవాబు ఇంగ్లీషులో వచ్చింది: ఇది ఎప్పటి నుంచో ఉన్న సంప్రదాయ గేయం, అయినా మేము పుస్తకం వేసినాయన దగ్గర అనుమతి తీసుకున్నం. మా పిల్ల అది చదివి నవ్వింది. ఆమె నవ్వడం చాలా రోజులకు చూసిన. 'సార్, 19వ సెక్షను. హక్కు ఇంకొకరికి రాసియ్యాలంటే కాగితం మీద ఉండాలె, హక్కుదారు సంతకం ఉండాలె. అవ్వ ఎక్కడన్న వేలిముద్ర పెట్టిందా?' పెట్టలేదు. చీర తీసుకుంది, వేలిముద్ర పెట్టలేదు. మా బతుకుల రాత లేకపోవడం వల్ల లాభమైన మొదటి రోజు అదే.

కంపెనీ ఎప్పటి నుంచో ఉన్న గేయం అన్నదానికి జవాబు మాత్రం అమ్మ దగ్గరుంది. అక్క పోయిన యేడు దవాఖాన రిజిస్టరులో ఉంది. పుస్తకంలో ఏడు చరణాలున్నయి. ఏడో చరణంలో అక్క బిడ్డకు పాలపండ్లు ఊడుతున్నయి. ఏడాదికొకటి చొప్పున లెక్కబెడితే సరిగ్గ 2006, టేపురికార్డరు వచ్చిన యేడు. ఇరవై ఆరేండ్ల సంది తారీఖు వేసుకుంట వచ్చిన పాట ఇది. పురాతనమట!

మొన్న ఆదివారం మా పిల్ల అఫిడవిట్ రాయడానికి ఇంటికొచ్చింది. అమ్మ పక్కన సాప మీద కూసొని, ఒక్కొక్క చరణం పాడించుకొని, ఏ యేడు, ఎక్కడ, ఎవరున్నరు అని రాసుకుంది. పొద్దు గూకింది. అంతా రాసినంక తెలుగులో చదివి వినిపించింది. 'సదరు గేయాన్ని నేను ఒక్కదాన్నే స్వయంగా కట్టినాను' అన్న కాడ అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

'ఒక్కదాన్నే అని రాయకు బిడ్డా. ట్రాక్టరు మాట నాది కాదు. నాకు అది నోట రాలేదు, దుఃఖమొచ్చి ఆగిపోతే పక్క మునుములున్న ఆమె అందించింది.'

'ఆమె ఉన్నదా అవ్వా?'

'పోయింది. బిడ్డ ఉంది. ఇటుక బట్టీలల్ల ఉంటదని విన్న.'

నాకు గుండె గుభేలుమన్నది. కేసు పలచబడుతదని భయమైంది. ట్రాక్టరు మాట కాడనే కదా ఈలలు పడ్డది, కంపెనీ పాటకు అదే ఆయువుపట్టు. నేను నోరు తెరిచేలోపు మా వకీలు కలంతో 'ఒక్కదాన్నే' కొట్టేసింది. పైన రెండో పేరు రాయడానికి జాగ విడిచి, 'ఏ ఊరి బట్టీ అవ్వా?' అనడిగింది.